పంతొమ్మిది నోట్లు

కాలిన వాసన వస్తే ఇస్త్రీ చేసేవాడు ముందు బట్ట వైపు చూస్తాడు. ఆ రోజు నేనూ అదే చేశాను. నా బల్ల మీద మూడో అంతస్తు టీచరమ్మగారి తెల్లచీర పరిచి ఉంది. చీరకేం కాలేదు. బల్ల మీద కంబళీకీ ఏం కాలేదు. వాసన మాత్రం పోలేదు.

"ఏమే, నీ వైపు ఏదో కాలుతోంది చూడు" అన్నాను.

పక్క బల్ల దగ్గర మా ఆవిడ చొక్కా చేతులు సాపు చేస్తోంది. కుడిచెయ్యి అలిసిపోతోందని నెలరోజులుగా ఇస్త్రీపెట్టెను ఎడమచేత్తో నెడుతోంది. కుడిచేత్తో బట్ట లాగి పట్టుకుంటోంది. నా మాట విని ఆమె కూడా చొక్కానే తిప్పి చూసింది.

"ఇక్కడేం లేదయ్యా."

తర్వాత చెయ్యి పైకెత్తి చూసుకుంది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు అప్పటిదాకా పెట్టె పక్కకి ఆని ఉన్నాయి. ఎంతసేపట్నించి ఆని ఉన్నాయో తెలీదు. తోలు తెల్లబడి, ముడుచుకుపోయి, పైకి లేచింది. ఆమె ముఖంలో నొప్పి లేదు. వేరేవాళ్ళ చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

"నావే" అంది.

మాది బొగ్గుల పెట్టెతో చేసే ఇస్త్రీ కొట్టు. కొట్టంటే మేముండే ఇంటి ముందుగదే. నా పెట్టె ఇత్తడిది, ఆరు కిలోలు. ఆమెది అంతకంటే కొంచెం తేలిక. ముప్పై ఎనిమిదేళ్ళు పక్కపక్కన నిలబడి చేశాం. ఇద్దరికీ మాట్లాడుకునే అవసరం పెద్దగా రాలేదు. నాకసలు మాటలు తక్కువ. మూడో తరగతితో బడి మానేశాను. అక్కడ కూడా మాస్టారు పిలిచినప్పుడు "ఉన్నానండి" అనడానికే ఇబ్బందిపడేవాణ్ణట.

డాక్టరమ్మ ఆమె మణికట్టు మీద వేలితో కొట్టి చూసింది. గుండుసూదితో ఒక్కో వేలూ పొడిచింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళూ చచ్చుబడ్డాయి.

"బరువు పట్టుకుని పట్టుకుని ఇక్కడ నరం నలిగిపోయిందమ్మా. చిన్న ఆపరేషనే. కానీ ఈ వానలు వెళ్ళేలోపు చేయించుకోండి. ఆలస్యమైతే కోసినా ఉపయోగం ఉండదు. స్పర్శ తిరిగి రాదు."

"ఎంతవుతుందండీ?" అని అడిగింది మా ఆవిడే.

డాక్టరమ్మ ముప్పై ఐదు వేలంది. ఉచితంగా చేసే పెద్దాసుపత్రిలో వరస ఉంది, పేరు రాయించుకుంటే చలికాలం మధ్యలో పిలుపు రావచ్చు అని కూడా అంది. ఎందుకైనా మంచిదని అక్కడ పేరు రాయించాం. బయటికి వచ్చాక వాన మొదలైంది. గొడుగు నేను పట్టుకున్నాను. ఆమె కట్టు కట్టిన చేతిని పైటకింద దాచుకుని నడిచింది.

"అందరి ముడతలూ తీశాం" అంది దారిలో. "మన నరం ఒక్కటి మడతపడింది చూడు."

నేను ఊఁ అన్నాను.

*

మా ఇంట్లో మూడో మనిషి మా బావ. మా ఆవిడకి అన్న. నేనాయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. సినిమా హాల్లో టికెట్లిచ్చే కిటికీ దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. చెయ్యి పట్టేంత కంతలోంచి మాట్లాడీ మాట్లాడీ, ఎదురుగా కూర్చున్నవాళ్ళతో కూడా మెడ వంచి, గట్టిగా అరిచి మాట్లాడతాడు. వీధిలో అందరూ ఆయన్ని హౌస్‌ఫుల్ అంటారు. పెళ్ళీపెటాకులూ లేవు. ఉద్యోగం అయిపోయాక చెల్లెలి పంచన చేరాడు. చేరినందుకు బదులుగా పొద్దున్నే మా ఇద్దరికీ పేపరు చదివి వినిపిస్తాడు. మేమడగలేదు.

ఆ వారం పేపరు చదువుతూ బల్ల మీద గుద్దాడు.

"బావా, విన్నావా?"

"ఊఁ."

"వినకుండానే ఊఁ అంటాడు. చెల్లాయ్, నువ్వు రా ఇలా. ఎవడో పాతనోటు ఒకటి అమ్మి స్కూటరు కొన్నాడట. చెల్లని నోటు! బజార్లో బఠాణీలు కూడా రావు దానికి. స్కూటరొచ్చింది!"

"పేపర్లోవాళ్ళు ఏదో రాస్తారన్నయ్యా" అంది ఆమె లోపల్నించి.

"నీ ట్రంకులో ఉన్నాయి కదే, నాన్నిచ్చినవి?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

మా మామగారు నూలుమిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూసేసిన రోజు ఆఖరి జీతం అప్పుడే కొత్తగా వచ్చిన రకం నోట్లలో ఇచ్చారు. కట్ట విప్పని నోట్లు, వరస నంబర్లు. ఆయన ఇంటికొచ్చి అందులోంచి ఇద్దరు పిల్లలకీ చెరో ఇరవై ఇచ్చాడు. మా ఆవిడ తన వాటా ఖాకీ కాగితంలో చుట్టి దాచుకుంది. కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకుంది. తర్వాత ఆ రకం నోట్లు చెల్లవన్నారు. అప్పుడైనా మార్చుకుందామని నేను ఒక్కసారి అన్నాను. "అది డబ్బు కాదు, నాన్న ఆఖరుసారి అందుకున్న జీతం" అంది. మళ్ళీ అనలేదు.

"నీ వాటా ఏం చేశావన్నయ్యా?" అంది తలుపు దగ్గరికి వచ్చి.

"తెలిసే అడుగుతావేం? వారంలో పద్నాలుగు ఆటలు చూశాను. అందులో తొమ్మిది ఒకే సినిమా."

"సిగ్గులేదూ?"

"ఎందుకు సిగ్గు? రోజూ వస్తున్నాడని ఆ హాలువాళ్ళే పిలిచి ఉద్యోగమిచ్చారు. పెట్టుబడి అనుకోవే."

ఆమె నవ్వలేదు. ఎడమచేత్తో కుడిచేతి కట్టు సర్దుకుంటూ చాలాసేపు నిలబడింది.

"అమ్ముదామా, బావా?" అన్నాడు మా బావ, గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గడం నేను చూసిన రెండో మూడో సారి.

నేను పెట్టెలో బొగ్గులు కదిపాను. అవి నావి కావు.

"చెయ్యి కూడా నాన్న ఇచ్చిందేగా" అంది ఆమె. వెళ్ళి ట్రంకులోంచి ఖాకీ పొట్లం తెచ్చింది. అందులోంచి ఒక్క నోటు తీసి అన్న చేతిలో పెట్టింది. "ముందు ఒకటి చూపించు. మిగతావి తర్వాత."

బావ ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రం తడిసి ముద్దై వచ్చాడు. నోటు మాత్రం లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. పాతనోట్లు కొనే ఆయన దాన్ని అలా సంచిలో పెట్టి వెనక్కిచ్చాడట.

"యాభై వేలు!" అన్నాడు గుమ్మంలోనే. "ఒక్కోటి విడిగా అయితే పెద్దగా రాదట. ఇరవై వరసగా ఉంటే, అన్నీ ఇలాగే ఉంటే, యాభై వేలకి తగ్గదట. ఆయన పదిహేను రోజులు ఊళ్ళో ఉండడు. వచ్చాక అన్నీ తెమ్మన్నాడు. చెల్లాయ్, ఆపరేషను అయిపోయిందనుకో! మిగిలినదాంతో నాకో కొత్త కళ్ళజోడు!"

"తల తుడుచుకో ముందు" అంది మా ఆవిడ. కానీ ఆ రాత్రి నిద్రలో ఆమె కట్టు ఉన్న చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని పడుకుంది. అంతకుముందు దాచుకుని పడుకునేది.

*

ఆ పదిహేను రోజులూ వాన వదల్లేదు. వానాకాలం ఇస్త్రీవాడికి శత్రువు. బట్టలు సగం తడితో వస్తాయి. బొగ్గులు రాజుకోవు, రాజుకున్నా పొగ. రెండు బల్లల పని ఒక బల్ల మీద పడింది. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా నిలబడేవాణ్ణి. కాళ్ళు నావో బల్లవో తెలిసేది కాదు.

కట్టు మార్పించడానికి బావ ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళిన మధ్యాహ్నం, లోపలిగదిలో టప్‌టప్‌మని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాను. గోడ మూల పైకప్పు కారుతోంది. సరిగ్గా ట్రంకు మీద. ఎప్పట్నించి కారుతోందో, మూత సందులోంచి నీళ్ళు లోపలికి దిగాయి. ట్రంకు లాగి బట్టలన్నీ బయట వేశాను. అడుగున ఖాకీ పొట్లం. కాగితం నల్లబడి మెత్తగా ఉంది.

విప్పాను. నోట్లు పూర్తిగా తడవలేదు. చెమ్మ పట్టి అంచులు అలల్లా లేచాయి. ఒకదానికొకటి అంటుకోబోతున్నాయి.

చెమ్మ పట్టిన బట్ట మడతలో ఉండిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రెండో రోజుకి మరక, నాలుగో రోజుకి బూజు. ఆ మరక ఏ చాకిరేవులోనూ పోదు. అలాంటి బట్ట చేతికొస్తే ఒక్కటే మందు. వెంటనే ఆరబెట్టాలి, ముడత తీయాలి. ఎండ లేదు. నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఇప్పటికీ, ఆ మధ్యాహ్నం మళ్ళీ వస్తే, ఇంకో ఆలోచన వస్తుందని నమ్మకం లేదు.

టీచరమ్మ చీర పక్కన పెట్టాను. పెట్టెలో బొగ్గులు సగానికి తగ్గించి, నివురు కప్పనిచ్చి, వేడి చెంప దగ్గర పెట్టి చూసుకున్నాను. బల్ల మీద కొత్త మల్లుగుడ్డ పరిచాను. దాని మీద ఒక్కొక్క నోటే. పైన ఇంకో మల్లుగుడ్డ. పెట్టె నొక్కకుండా, దాని బరువుతోనే నడిపించాను. ఒకవైపు అయ్యాక తిప్పి రెండోవైపు. ఒక్కో నోటుకి ఒక్కో చొక్కాకి పట్టినంత సేపు పట్టింది. పంతొమ్మిది నోట్లు. మంత్రిగారి చొక్కాకైనా నేనంత శ్రద్ధ పెట్టి ఉండను.

అలలు పోయాయి. మధ్యలో ఏనాటిదో చిన్న వంపు ఉండేది, అదీ పోయింది. నోట్లు నున్నగా, నిగనిగలాడుతూ, అద్దంలా పడుకున్నాయి. వరస తప్పకుండా పేర్చి, పాతపేపర్ల మధ్య పెట్టి, ఆ పైన ఆమె పెట్టెను బరువుగా ఉంచాను. చాలా రోజుల తర్వాత అది ఒక పనికొచ్చింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి కొత్త ఖాకీ కాగితంలో చుట్టి, ట్రంకును పొడిచోటికి మార్చేశాను.

"కారిందా?" అంది ఆమె నేల మీద బకెట్టు చూసి.

"కారింది. జరిపాను" అన్నాను.

చేసిన పని గురించి చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. నోట్లు చూసినప్పుడు వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణం కోసం లోపల్లోపల ఎదురుచూశాను కూడా.

*

నోట్లాయన షాపు ఒక పాత మేడ మెట్ల కింద ఉంది. ముగ్గురం లోపలికి వెళితే ఇంకొకరికి చోటు లేదు. అద్దం బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, ఒక భూతద్దం, చిన్న పట్టకారు. ఆయన సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. మా ఆవిడ చేతి కట్టు చూసి తన కుర్చీ ఆమెకిచ్చి నిలబడ్డాడు.

మా ఆవిడ ఎడమచేత్తో పొట్లం విప్పింది. విప్పుతూనే ఆమె చెయ్యి ఒక్కక్షణం ఆగింది. ఆ సంగతి నేను చూశాను. నోట్లు ముందుకు జరిపింది.

ఆయన పట్టకారుతో పైనోటు ఎత్తి దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. దగ్గరగా తీసుకుని వాసన చూశాడు. రెండోది తీశాడు. మూడోది. తర్వాత పట్టకారు కింద పెట్టేశాడు.

"ఎవరో చాలా శ్రద్ధగా చేశారు" అన్నాడు.

నా గుండె పొంగింది. అబద్ధం ఎందుకు, నోరు తెరిచాను. నేనే అందామని. జీవితంలో పిలవకుండా "ఉన్నానండి" అనబోయింది అప్పుడే.

"ఇస్త్రీ చేశారు కదా?" అన్నాడాయన. గొంతులో విసుగు లేదు, అలుపు ఉంది. "దీంతో వీటి కథ అయిపోయినట్టేనమ్మా."

తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆయన మా బావ దగ్గరున్న నోటు అడిగి తీసుకుని, సంచిలోంచి తీసి, ఇస్త్రీ చేసిన నోటు పక్కన పెట్టాడు. "తడిమి చూడండి" అన్నాడు. మా ఆవిడ ఎడమచేతి వేలితో తడిమింది. తర్వాత నేను. బావ నోటు మీద బొమ్మ, అంకెలు గరుకుగా తగులుతున్నాయి. అచ్చులో సిరా పైకి ఉబ్బి ఉంటుందట, కాగితం పుట్టినప్పటి బిర్రు దానికే ఉంటుందట. నా నోటు మీద వేలు జారిపోయింది. నున్నగా, చచ్చినట్టు ఉంది.

"కాగితం పాతబడితే తప్పులేదు. చెమ్మ పట్టినా కొంత తగ్గించి తీసుకునేవాణ్ణి. కానీ బాగుచేసిన నోటు ఎవరూ కొనరమ్మా. పెట్టుకునేవాళ్ళకి అది ఎలా పుట్టిందో అలా కావాలి." పట్టకారు పక్కకి జరిపి అడిగాడు. "ఎవరు చేశారిది?"

దీపం చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. నేను దాన్ని చూస్తున్నాను.

"నేనేనండి" అంది మా ఆవిడ. "ట్రంకులో వాన పడింది. ఆరాలని నేనే ఇస్త్రీ చేశాను."

ఆయన ఆమె చేతి వైపు చూశాడు. మణికట్టు దాకా కట్టు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు ఎక్కువసేపు నిలపలేదు, మర్యాదస్తుడు. మా బావ వైపు తిరిగి, "నేను మీతో ఆ రోజే..." అని ఏదో అనబోయాడు. అప్పటికే మా బావ గొంతు లేచింది.

"నీకు బుద్ధుందటే? ఇస్త్రీ చేస్తావా? నోటు లంగా అనుకున్నావా, ఓణీ అనుకున్నావా? నన్నడగొద్దూ? ముప్పై ఏళ్ళు నోట్లు పట్టుకున్నవాణ్ణి ఇంట్లో ఉంటే!"

ఆమె తల వంచుకుంది. నోట్లాయన పంతొమ్మిదింటికీ కలిపి ఒక మామూలు చీర ఖరీదు చెప్పాడు. బాగున్న ఒక్క నోటుకి అంతకంటే కొంచెం ఎక్కువ. ఆయన మనసు ఒప్పుకోక చెప్పిన ధరలవి.

"వద్దులెండి" అంది ఆమె. అన్నీ ఎడమచేత్తో పోగుచేసుకుంది. ఖాకీ కాగితం మడవడం ఒక చేత్తో కుదరలేదు. నేను మడిచాను. మడత నీట్‌గా వచ్చింది. నా చేతికి ఇంకోలా రాదు.

బయటికొచ్చాక చెబుదామనుకున్నాను. వానలో ఎందుకు, ఇంటికి వెళ్ళాక అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక అన్నం వేళయింది. అన్నం తిన్నాక మాట్లాడే వేళ దాటిపోయింది. చెప్పని మాట మొదటి రోజు గొంతులో ఉంటుంది. నాలుగో రోజుకి కడుపులోకి దిగుతుంది. ఆ తర్వాత దాన్ని పైకి తేవాలంటే మనిషి మొత్తం తిరగబడాలి.

*

బావ ఊరుకోలేదు. నెలా పది రోజులు తిట్టాడు. పొద్దున పేపరు చదవడం మానేసి దాని బదులు ఇదే.

"ఇదిగో, ఇస్త్రీ మహారాణి లేచింది! ఇవాళ ఏం చేస్తావమ్మా, అప్పడాలు ఇస్త్రీ చేస్తావా?"

"సరేలే అన్నయ్యా."

"యాభై వేలు! ఒక్క పూటలో బూడిద! ఇంట్లో ఇంకో ఇస్త్రీవాడు ఉన్నాడు కదా, వాణ్ణైనా అడిగి చేశావా? ఏం బావా, నిన్నడిగిందా?"

నేను బొగ్గులు ఊదుతూ ఉండేవాణ్ణి. పొగలో కళ్ళు మండుతున్నాయని అందరూ అనుకోవచ్చు.

"చూశావా, మాట్లాడడు. పాపం ఆయనేం మాట్లాడతాడు, చేసిందంతా నువ్వాయె!"

బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా ఇదే పాట. అటక మీద ఎలుక నుంచి మూడో అంతస్తు దాకా అందరికీ తెలిసిపోయింది. మా ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కుడిచేతి కట్టు విప్పారు, కాలిన చోట మచ్చలు పడ్డాయి, వేళ్ళకి మాత్రం తెలివి రాలేదు. జడ అల్లుకోలేక ముడి వేసుకునేది. అదీ రెండోసారికి జారిపోయేది. వానలు తగ్గుముఖం పడుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన గడువు రోజూ దగ్గరపడుతోంది.

వానలు ఆఖరయ్యే రోజుల్లో టీచరమ్మగారు చీర కోసం వచ్చారు. ఆ రోజు చాన్నాళ్ళకి ఎండ కాసింది. మా బావ ఎండలో కుర్చీ వేసుకుని మొదలుపెట్టాడు. ఆవిడ అంతా విని, చదువుకున్నావిడ కదా, మెత్తగానే అన్నారు.

"అయినా కాస్త ఎవర్నైనా అడిగి చెయ్యాల్సిందమ్మా. మీ చెయ్యి బాగుపడేది. తెలియని పని మనం చెయ్యకూడదు."

మా ఆవిడ ఎడమచేత్తో చేతిరుమాళ్ళు లెక్కపెడుతోంది. లెక్క ఆపి ఆవిడ ముఖంలోకి చూసి, "పొరపాటైపోయిందండి" అంది.

అన్నతో అంటే వేరు. బయటి మనిషితో, క్షమించమన్నట్టు, నిలబడి ఆ మాట అంది.

పెట్టె స్టాండు మీద పెట్టాను.

"ఇస్త్రీ చేసింది నేను" అన్నాను.

టీచరమ్మగారికి ఎటు చూడాలో తెలీలేదు. సాయంత్రం వస్తానని చీర తీసుకోకుండానే వెళ్ళిపోయారు. నేను బావ తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను. బావ కుర్చీలోంచి లేవలేదు.

"ఎన్నాళ్ళు పట్టింది బావా" అన్నాడు. అరవలేదు. "తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది."

"నీకు తెలుసా?"

"తెలీకపోవడానికి నేనేమన్నా పసివాణ్ణా? జడ వేసుకోలేని చెయ్యి పంతొమ్మిది నోట్లకి అంత నున్నగా ఇస్త్రీ చేస్తుందా? అంత బాగా చేసే చెయ్యి ఈ వీధిలో ఒక్కటే ఉంది. నువ్వు చెబుతావేమో, ఇవాళ చెబుతావేమో అని రోజూ దాన్ని తిట్టాను. అంతకంటే నిన్నెలా పొడవాలో నాకు తెలీలేదు."

తర్వాత కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా అయిపోలేదు.

"నువ్వు చెబితే నేనూ చెబుదామనుకున్నాను" అన్నాడు. "ఉన్నవి ఉన్నట్టే తెమ్మన్నాడు బావా ఆయన. వేలు కూడా పెట్టొద్దు, తుడవొద్దు, ఏం చెయ్యొద్దు అన్నాడు. మొదటి రోజే అన్నాడు. యాభై వేలు అనే సంబరంలో ఆ ముక్క నేను ఇంటికి మోసుకురాలేదు."

నోట్లాయన షాపులో ఏదో అనబోవడం, బావ అరుపు దానికి అడ్డం రావడం అప్పుడు గుర్తొచ్చాయి.

మా ఆవిడ చేతిరుమాళ్ళు మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టుకుంటోంది. పన్నెండు అయ్యాక వాటికి దారం చుట్టడానికి నా ముందుకు జరిపింది.

"నువ్వెందుకన్నావు?" అని అడిగాను. "ఆ రోజు, షాపులో."

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నీ పనికి వంకపెట్టినవాడు లేడు" అంది. "ఆయనెవరో ముక్కూమొహం తెలియనివాడు, నీ ముందే పెడుతుంటే చూళ్ళేకపోయాను." దారం నా చేతికిచ్చింది. "అయితే ఇన్నాళ్ళు ఊరుకుంటావనుకోలేదు."

ఆ రెండో మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

*

పెద్దాసుపత్రి పిలుపు చలికాలం సగం గడిచాక వచ్చింది. ఈలోపు నా ఇత్తడి పెట్టె అమ్మడానికి తీసుకువెళ్ళాను. తూకానికి తప్ప దానికి విలువ లేదన్నారు. వెనక్కి తెచ్చాను. బావ తనకు తెలిసిన హాలువాళ్ళందర్నీ అప్పు అడిగాడు. అందరూ హౌస్‌ఫుల్ అన్నారు. ఈ జోకు ఆయనదే, చెప్పి ఆయనే నవ్వలేదు.

కోసిన డాక్టరు కుర్రవాడు. నరం విడిపించాం అన్నాడు. నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు. బొటనవేలు మెల్లగా వస్తుంది, ఆ రెండు వేళ్ళ గురించి మాటివ్వలేనన్నాడు. రోజూ వేళ్ళకి పని చెప్పండి, రకరకాల వస్తువులు కళ్ళు మూసుకుని తడమమనండి, వచ్చేదైతే అలాగే వస్తుందన్నాడు.

అందుకని పొద్దున్నే బొగ్గులు రాజుకునేలోపు మేము ఆ పని చేస్తాం. ఆమె బల్ల ముందు స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. మొదట్లో బొత్తాలు, దువ్వెన పళ్ళు, ఉప్పు ఇచ్చాను. బొటనవేలు కొన్నిటిని గుర్తుపట్టింది. ఒకరోజు ఆమే ట్రంకు తెరిచి ఖాకీ పొట్లం తెచ్చింది. సంచిలో ఉన్న ఒక్క నోటూ బయటికి తీసింది.

"వీటికి ఇంకేం పని ఉందిలే" అంది. "ఒకటి మా నాన్నది, ఒకటి నీది. ఏదో ఒకటి వేళ్ళకింద పెట్టు. ఏదో చెబుతాను."

అలా రెండు నెలలు గడిచాయి. రోజూ "తెలీడం లేదయ్యా" అంటుంది. నేను తీసి లోపల పెడతాను. బావ పేపరు తెరుస్తాడు. నేను పెట్టె అందుకుంటాను. మూడు బల్లల అలసట ఒక్కణ్ణే మోస్తున్నట్టుంటుంది, ఉన్నవి రెండే బల్లలైనా.

నిన్న పొద్దున ఆమె రెండు వేళ్ళూ నోటు మీద చాలాసేపు ఉంచింది. మెల్లగా అటూ ఇటూ కదిపింది. కళ్ళు మూసుకునే ఉంది గానీ ముఖం విచ్చుకుంది.

"ఇది మా నాన్నది" అంది. "గరుగ్గా తగులుతోంది. అవునా?"

బావ పేపరు కిందికి దించి చూశాడు. చూసి, మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె వేళ్ళకింద ఉన్నది నేను ఇస్త్రీ చేసిన నోటు. ఊఁ అంటే చాలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అన్న మాటే. ఆమె సంతోషంగా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

"కాదు" అన్నాను. "అది నేను చేసింది."

ఆమె కళ్ళు తెరిచింది. నోటు వైపు చూసుకుంది, తర్వాత నా వైపు. చిన్నగా నవ్వింది.

"ఈసారి తొందరగానే చెప్పావు" అంది.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ళు మళ్ళీ మూసుకుని, "ఇంకోటి పెట్టు" అంది.